మూడు పేర్లు రాయి

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చేవెళ్ల బస్టాండు దగ్గర కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. దినాలు కూడా అయిపోయినట్టున్నాయి, ఒక మూల తాడు తెగి గాలికి కొట్టుకుంటోంది. ఎప్పుడో ఏదో కార్డు కోసం దిగిన చిన్న ఫొటోను లాగి లాగి నిలువెత్తు చేశారు. ముక్కేదో కన్నేదో తెలియడం లేదు. ఊరందరి పెళ్లి ఫొటోలూ పిల్లల ఫొటోలూ చచ్చిన డిస్కుల్లోంచి తవ్వి తీసిన మనిషికి ఒక్క మంచి ఫొటో దొరకలేదు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ఎవరి మీద అంటే ముందు ఆయన మీదే. నేనన్న మాటలు వెనక్కి తీసుకునే సందు ఇవ్వకుండా పోయాడని. ఆ మాటలేమిటో చెప్పాలంటే ముందు మనిషిని చెప్పాలి. పేరు చెప్పను. చేవెళ్లలో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు కూడా. వెనకాల డిస్కుల సారు, ఎదురుగా అయితే అన్న. అంతే.

విత్తనాల దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కితే పైన ఆయన గది. తలుపు మీద 'పోయిన డాటా తీయబడును' అని బోర్డు. కంప్యూటర్లు రాకముందు రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన మనిషి కాబట్టి ఆయన పనంతా చెవిలోనే ఉండేది. డిస్కు తెచ్చి ఇస్తే తెర వైపు చూడడు. దానికి కరెంటిచ్చి చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఆ సమయాన ఎవరైనా దగ్గారా, కొట్టడం ఒక్కటే తక్కువ. టక్ టక్ టక్ అని వినిపిస్తే "సూది పోయింది" అనేవాడు. డిస్కు లోపల తిరిగే పళ్లెం మీద అక్షరాలు చదివే ముల్లుకు ఆయన పెట్టుకున్న పేరది. గీరుతున్న చప్పుడు వినిపిస్తే మాత్రం మొహం నల్లబడేది.

"ఎన్నిసార్లు ఆన్ చేసినవ్?"

"రెండు సార్లన్నా."

"అబద్ధమాడకు."

"పది... పదిహేను సార్లన్నా."

"జరమొచ్చినోన్ని పదిహేను సార్లు ఉరికిస్తవా? పళ్లెమంత గీసుకపోయింది. మనిషివేనా?"

డబ్బులిచ్చి తిట్లు తినడానికి జనం ఆ మెట్లెక్కేవారు. ఎందుకంటే తిట్టిన తరవాత తీసిచ్చేవాడు. డిస్కు విప్పితే లోపల దుమ్ము రేణువు కూడా పడకూడదట. పెద్ద నగరాల్లో దానికి అద్దాల గదులు ఉంటాయట. ఈయన పొద్దున్నే ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, గచ్చంతా నీళ్లు చల్లి, గాలిలో దుమ్ము కిందికి దిగేదాకా అరగంట ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ కూర్చునేవాడు. ఆ తరవాత తానే చేసుకున్న అద్దాల పెట్టెలో చేతులు దూర్చి, అదే రకం చచ్చిన డిస్కులోంచి పీకిన సూదిని దీనికి వేసేవాడు. పైనుంచి చప్పుడు లేకపోతే కింద విత్తనాల సేటు వచ్చినవాళ్లను ఆపేసేవాడు. "జరాగున్రి, పైన పూజ నడుస్తున్నది."

కానీ పని ముట్టుకునే ముందు ఆయనకొక షరతు ఉండేది. తెల్లకాగితం ముక్క చించి, పెన్ను చేతిలో పెట్టి, "మూడు పేర్లు రాయి" అనేవాడు. డిస్కులో ఉన్నవాటిలో అన్నిటికన్నా ముందు కావలసినవి మూడు. వేసిన సూది గంట బతుకుతుందో, వారం బతుకుతుందో ఎవరికీ తెలియదు, అది చచ్చేలోపల ఆ మూడూ బయటికి రావాలి. ఒకసారి మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ ఉన్న పెద్దమనిషొకాయన నా ముందే వచ్చాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ, "నాకు అన్నీ కావాలె" అన్నాడు.

"అన్నీ అంటే ఏమేమి?"

"అన్నీ అంటే అన్నీ. నాలుగు టీబీ ఉన్నది."

"ఏమున్నదో తెల్వనోనికి ఏం పోయిందో ఎట్ల తెలుస్తది సారూ? కింద చాయ్ దుకాణమున్నది. కూసోని యాది చేస్కొని రాపో."

పెద్దమనిషి ఎర్రబడ్డాడు, తరవాత దిగిపోయాడు. గంటకు తిరిగొచ్చి చీటీ ఇచ్చాడు. దాని మీద ఒక్కటే రాసి ఉంది, బిడ్డ మొదటిసారి నడిచిన వీడియో అని. ఆయన ఆ చీటీ చదివి, కుర్చీ జరిపి కూర్చోబెట్టి, నీళ్లిచ్చాడు. తిట్టలేదు.

నన్ను మాత్రం తిట్టాడు.

నేను మొయినాబాద్ దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతాను. పద్యం నోటికి రాకపోతే పిల్లల్ని బెంచీ ఎక్కించే రకం. పన్నెండేళ్లపాటు వానాకాలం వస్తే చాలు, ఆదివారాలు మా బడి చుట్టుపక్కల ఊళ్లయిన ప్రొద్దుటూరు, చిన్న మంగళారం మడుల గట్ల మీద నిలబడి, నాట్లు వేసే ఆడవాళ్లు పాడే పాటలు రికార్డు చేశాను. అందరిలోకీ పెద్ద చిన్న మంగళారం అవ్వ. వంగిన నడుము ఎత్తకుండానే పాడేది. చివరి ఏడాది దగ్గుతూ కూడా పాడి, "నా పాటలన్నీ నీ డబ్బల వడ్డయి గద బిడ్డా, ఇగ నాకేం ఫికర్ లేదు" అంది. ఆ చలికాలమే పోయింది. ఆమె నాటు వేసిన మడులకు ఇప్పుడు ప్రహరీగోడలు లేచాయి. లోపల గడ్డి పెంచుతున్నారు, అది కూడా కొనుక్కొచ్చిన గడ్డి.

ఆ పాటలున్న డిస్కు టక్ టక్ అనడం మొదలుపెట్టిన రోజు పరుగున ఆ మెట్లెక్కాను. కాగితం, పెన్ను ఇచ్చాడు. నాకు చెయ్యాడలేదు. ఫైళ్లకు నేను తేదీలు పెట్టుకున్నాను, పాటల పేర్లు పెట్టుకోలేదు.

"పన్నెండేండ్ల పాటలు తెచ్చినవ్. మూడు పాటల పేర్లు చెప్పొస్తలేదా? పిల్లలతోని పద్యాలు బట్టీ పట్టిస్తవట గద టీచరమ్మా!"

నాకు రోషం వచ్చింది. "నోటికొస్తె రికార్డెందుకు చేస్తనన్నా? మర్చిపోతమనే గద చేసింది."

"గదే. గదే మరి" అని నవ్వాడు. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చివరికి అవ్వ పాడిన సద్దిమూట పాట, ప్రొద్దుటూరు వాళ్ల బోనాల పాట, వాన పాట అని రాసిచ్చాను.

అయిదో రోజుకు అన్నీ తీసి, నేను కొనిచ్చిన ఇంకో డిస్కులోకి ఎక్కించాడు. అవ్వ పాట ముందు తీశాడు. ఫైలు తెరుచుకుందో లేదో చూడడానికి పెట్టాడు. 'ఒడ్డు మీది సద్దిమూట ఎదురుజూసె వదినెలో' అని అవ్వ గొంతు ఆ గదిలో లేచింది. డిస్కు విన్నట్టే కళ్లు మూసుకుని విన్నాడు. మొదటి చరణం కాగానే ఆపేశాడు. "ఉండనీ అన్నా, మొత్తం విను" అంటే తల ఊపాడు. "మంది సొమ్ము. తెరుసుకున్నదా లేదా చూస్త. గంతే." వారం తరవాత నన్ను పిలిచి, నా కళ్లముందే తన దగ్గరున్న నకలు చెరిపేశాడు. అదీ ఆయన పద్ధతే. మంది ఇంటి తాళంచెవి తన జేబులో ఉండకూడదట. ఇప్పుడు తలుచుకుంటే ఆ పద్ధతి మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. ఒక్కసారి, ఒక్కరి విషయంలో తప్పితే ఏం పోయేది?

నేను వెళ్లేముందు రెండు మాటలు చెప్పాడు. ఒకటి, "రెండు జాగలల్ల లేనిది ఎక్కడ లేనట్టే." రెండోది, పొరపాటున ఎప్పుడైనా ఏదైనా చెరిపేస్తే ఏం చేయాలో. "చెరుపుడంటె పొలం కాయితంల, పహాణీల పేరు కొట్టేసినట్టు. పేరు పోతది గని పొలం ఆడనే ఉంటది. మల్ల దున్ని ఏమన్న ఏస్తెనే పోతది. గందుకని దాని మీద ఏం రాయకు. ఆన్‌ల ఉంటె ఆన్‌లనే ఉండనీ, ఆపితె గా అప్‌డేట్లు మొదలైతయ్, దున్నేస్తయ్. ముట్టకుండ నాకు ఫోన్ కొట్టు." ఈ రెండు మాటలూ నేను పద్యంలా నోటికి పట్టాను. నా ఖర్మ, అవి మాత్రం బాగా పట్టాను.

మూడేళ్ల తరవాత లాప్‌టాప్ మార్చాను. దుకాణంలో అమ్మేవాడు నా పాత డిస్కును రెండు వేళ్లతో పట్టుకుని, "గిది డబ్బా మేడం, గిప్పుడు ఎవలు వాడుతలేరు. దీంట్ల ఎస్సెస్డీ ఉన్నది, తిరిగేది ఏం లేదు, కింద వడ్డా పల్గది, చప్పుడే రాదు" అన్నాడు. చప్పుడు రాదన్న మాటకు పడిపోయాను. ఆ టక్ టక్ నన్ను కలలో కూడా భయపెట్టింది మరి. పాటలన్నీ కొత్తదాంట్లోకి మార్చి, పాత డిస్కు మా తమ్ముడికి ఇచ్చేశాను. వాడు దాని నిండా బిడ్డ పెళ్లి వీడియో కుక్కాడు. అయినా నాకేం, రెండు జాగల్లో ఉండాలన్న మాట మరిచిపోలేదు కదా. పాటల ఫోల్డరు మీద నొక్కి, తెర మీదికి ఇంకోటి తెచ్చి పెట్టుకున్నాను. రెండూ ఒకే పేరుతో ఉన్నాయి. రెండూ తెరుచుకుంటున్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఆ రోజుల్లో ఆయన్ను ఒకసారి చూడ్డానికి వెళ్లాను, కొత్త లాప్‌టాప్ మాట చెప్పాలని తోచలేదు. బల్ల మీద అగ్గిపెట్టెకన్నా పలచని కొత్తరకం డిస్కులు పదో పన్నెండో పడున్నాయి. ఒకటి తీసి అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని, విసిరి బల్ల మీద పడేశాడు.

"ఏమంటలేదు టీచరమ్మా. నిన్న మంచిగుంటది, ఇయ్యాల ఉండది. దగ్గు లేదు, దమ్ము లేదు. చప్పుడు చేసేదానికి వైద్యముంటది గని దీనికేముంటది? లోపటున్న చిప్పులకు కంపెనోడు తాళమేస్తడు, తాళంచెవి గూడ దాంట్లనే పెడ్తడు. అది సస్తె తాళంచెవి గూడ సస్తది. కంపెనోళ్లకు రాసిన, ఒక్కడన్న జవాబియ్యలే."

"మరెట్లన్నా?"

"పెద్ద పెద్ద ల్యాబులల్ల కొన్ని తీస్తున్నరట. నేను గూడ నేర్సుకుంటున్న. గని ఇగ పోయినంక తీసే పని తక్కువైతది. పోకముందు చెప్పే పని మిగుల్తది. పోకముందు నా మాట ఎవడింటడు?"

ఆ మాట నా గురించేనని నాకు తెలియలేదు. ఆయనకూ తెలియలేదు.

పరీక్షల మార్కులు ఎక్కించే రోజు. మధ్యాహ్నం లాప్‌టాప్‌లో జాగా నిండిందని వచ్చింది. పాటలు రెండు చోట్ల ఉన్నాయి కదా, ఒకటి తీసేద్దామని లోపల ఉన్న పెద్ద ఫోల్డరును, చెత్తబుట్టలో కూడా మిగలకుండా చెరిపేశాను. మార్కులు ఎక్కించాను. చాయ్ తాగి వచ్చి, ఎందుకో తెర మీది ఫోల్డరు నొక్కాను. తెరుచుకోలేదు. మూలకు చిన్న బాణం గుర్తు ఉంది. అది రెండో నకలు కాదు. ఇంటికి దారి చూపే బోర్డు మాత్రమే. నేను ఇల్లు కూలగొట్టి బోర్డు దాచుకున్నాను.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. "చెరిపేసిన అన్నా, పాటలు చెరిపేసిన."

"ఏడ్వకు. నేను సిటీల దవాఖానల ఉన్న, పరీక్షలు చేస్తున్నరు. సోమారం వస్త. దాని మీద ఏం రాయకు, ఆన్‌లనే ఉండనీ, చార్జింగ్ పెట్టు. పొలం యాడికి పోతది?"

శని, ఆదివారాలు ఆ లాప్‌టాప్‌ను బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాను. మీద గుడ్డ కప్పి, చార్జింగ్ ఊడకుండా వైరుకు కుర్చీ అడ్డం పెట్టి, ఇంట్లో ఎవరినీ ఆ గదిలోకి రానివ్వలేదు. సోమవారం పొద్దున అలాగే, ఆపకుండా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్లాను.

మూత తెరిచాడు. ఏదో నొక్కి చూశాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఎస్సెస్డీ గద."

"అవును."

"ఎప్పుడు కొన్నవ్? నాకు చెప్పలే."

"నువ్వడగలే."

సాయంత్రం దాకా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఎక్కడ తవ్వినా సున్నాలే వచ్చాయి. చివరికి కళ్లద్దాలు తీసి నా వైపు తిరిగాడు.

"పాత డిస్కుల పేరు కొట్టేసినా పొలముంటది. ఇది గట్ల కాదు. పేరు కొట్టేస్తె ఇది తనంతట తానే దున్నుకుంటది, ఖాళీగ కూసోదు. నువ్వు చెరిపిన నిమిషంలనే శానామటుకు పోయుంటది. ఎంటనే ఆపి తెస్తె ఏమన్న మిగుల్తుండెనో లేదో, నాకు తెల్వదు. గని గా జరంత ఆశను ఆన్‌ల ఉంచి నేనే దున్నిపిచ్చిన. ఏ డిస్కని ముందు అడగాలె. అడగలే. తప్పు నాది టీచరమ్మా."

ఊరందరినీ తప్పు నీదంటే నీదని తిట్టిన మనిషి, మొదటిసారి తప్పు నాదన్నాడు. ఒక మనిషన్నవాడైతే ఏం చేయాలి? చెరిపింది నేను. బాణం గుర్తు చూడనిది నేను. పాత డిస్కు పెళ్లి వీడియోకు ఇచ్చింది నేను. ఆ మాట అనాలి. నేను అనలేదు. ఆయన ఇచ్చిన తప్పును రెండు చేతులా అందుకుని ఆయన మీదికే విసిరాను.

"రాని పని ఎందుకు పెట్టుకున్నవ్? ఆ బోర్డు పీకెయ్. అవ్వ ఒక్కసారి సచ్చింది, నువ్వు రెండోసారి సంపినవ్."

ఆయన డ్రాయరు లాగి కాగితం ముక్క చించాడు. పెన్ను నా ముందు పెట్టాడు.

"మూడు పేర్లు రాయి. తీయనీకె కాదు. నీకు యాదికున్నయి ఇప్పుడే రాసుకో. రేపటికి ఇవి గూడ ఉండయ్."

వెక్కిరిస్తున్నాడనుకున్నాను. పెన్ను తీసి గోడకేసి కొట్టి మెట్లు దిగాను.

అక్కడితో ఆగినా బాగుండేది. స్టాఫ్‌రూములో చెప్పాను. టీచర్ల గ్రూపులో పెట్టాను, చేవెళ్లలో ఫలానా ఆయన దగ్గరికి వెళ్లకండి, ఉన్నది పోగొడతాడు అని. నేను చెరిపానన్న ముక్క అందులో రాయలేదు. తెలుగు టీచర్ను కదా, ఏ వాక్యం తీసేస్తే కథ ఎటు తిరుగుతుందో నాకు బాగా తెలుసు.

మళ్లీ రికార్డు చేద్దామని ప్రొద్దుటూరు వెళ్లాను. నాట్లకు ఇప్పుడు వేరే రాష్ట్రం నుంచి మగవాళ్ల గుంపు వస్తోంది. పాడిన వాళ్ల కోడళ్లను అడిగితే నవ్వారు. "మాకేమెర్క టీచరమ్మా? అన్నీ నీ డబ్బలనే ఉన్నయి గద" అన్నారు. నా మీద భరోసాతో ఊరు ఊరంతా మరిచిపోయింది. చెరిపేశానని వాళ్లకు ఇప్పటికీ చెప్పలేదు.

ఫ్లెక్సీ చూసిన రోజు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన భార్య వాకిట్లో కుర్చీ వేసింది. నేనెవరో చెప్పగానే, "పాటల టీచరమ్మా? మీరేనా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది.

"మీరు గట్లన్నంక బోర్డు నిజంగనే తీసేసిండమ్మా. 'పోకముందే రండి' అని కొత్తది రాపిచ్చిండు. అందరికి రెండు రెండు కాపీలు చేసిస్తనని కూసున్నడు. ఎవలొస్తరు? పోయినోళ్లు ఉరికొస్తరు గని ఉన్నోళ్లు మెట్లెందుకెక్కుతరు?"

ఆ కొత్త బోర్డు బస్సులోంచి నేను చాలాసార్లు చూశాను. గిరాకీ లేక వేషాలు వేస్తున్నాడనుకుని నవ్వుకున్నాను కూడా.

ఆమె లోపలికి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. నిండా చీటీలు. అందరి సొమ్మూ వారానికి చెరిపేసిన మనిషి, అందరూ రాసిచ్చిన మూడు పేర్లూ దాచుకున్నాడు. ఆమె వెతికి నాది తీసిచ్చింది. నా అక్షరాలే. మొదటి పేరు, అవ్వ పాడిన సద్దిమూట పాట.

"గీ పాటనే అనుకుంట. పని చేసుకుంట ఎప్పుడు పాడుతుండె. ఒక్క చరణమే." ఆమె సిగ్గుపడుతూ, కొంగు నోటి దగ్గర పెట్టుకుని పాడింది.

"ఒడ్డు మీది సద్దిమూట ఎదురుజూసె వదినెలో..."

అవ్వ రాగమే. ఎక్కడా తప్పులేదు. ఒక్కసారి, ఒక్క చరణం విన్న మనిషి దాన్ని ఇంత పదిలంగా ఇంటికి తెచ్చుకున్నాడు. అవ్వ నా ముందు ఆ పాట ఆసాంతం పాడింది. ఆమె పాడుతుంటే నేనేం చేశాను? రికార్డరు మీద ఎర్రలైటు వెలుగుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డాను.

"గా సద్దిమూట ఎవలికోసం ఎదురుజూసింది టీచరమ్మా? ఆకరికి ఎవలన్న వచ్చి విప్పిన్రా?" అని అడిగింది ఆమె. "ఆయినెను అడిగితె, నాకు తెల్వదు, టీచరమ్మకు తెలుసు అంటుండె. తర్వాత చరణం పాడున్రి జర, నేను గూడ ఇంట."

నోరు తెరిచాను. అవ్వ మొహం కనిపించింది, బురదలో చేతులు కనిపించాయి. ఆమె కొంగు సర్దుకుని, వినడానికి ముందుకు వంగి కూర్చుంది.

నాకు రాదని చెప్పాను.